ఎంతసేపయ్యింది పిన్నిగారూ

పోయిన ఆదివారం టీచరుగారు మా ఇంటికి వచ్చారు. కొత్తపేటలో వాళ్లింటికి నేను రెండేళ్లు పనికి వెళ్లాను గాని, ఆవిడ మా గుమ్మంలోకి రావడం అదే మొదలు. కుర్చీ వేస్తే అంచున కూర్చున్నారు. చేతిలోని గుడ్డసంచిలోంచి ఒక పాత ఫోనూ, దాని చార్జరూ తీసి నా చేతిలో పెట్టారు.

“ఇది మీకిమ్మన్నాడండి తమ్ముడు. ఆసుపత్రిలో ఉండగానే చెప్పేడు. నాకే ఆ సొరుగు తెరవబుద్ధి కాలేదు. పది నెలలైపోయింది.”

“నాకెందుకండీ ఇది?”

“మీదే అన్నాడు. పిన్నిగారి గడియారం అన్నాడు.”

ఆవిడ పమిట కొంగు వేలికి చుట్టుకుంటూ, నా వైపు చూడకుండా అడిగారు.

“ఒక్క మాట చెప్తారా? ఆ రోజు పొద్దున్న ఆరింటి సంచి నేనే తీసేను. బడికి టైమైపోతోందని తొందరలో చూసేను. బాగానే ఉందని ఎక్కించేసేను. అప్పటికే మబ్బు పట్టి ఉంటుందాండీ? కాస్త ముందు తీసుకురావల్సింది అన్నారు డాక్టరుగారు. అప్పట్నుంచీ అదేనండి నాకు. కళ్లెదురుగా ఉన్నదాన్ని నేనే చూడలేదేమోనని.”

నేను టీ పెడతానని లోపలికి వెళ్లాను. పాలు పొంగి పొయ్యి ఆరిపోయింది. మళ్లీ వెలిగించాను. టీ తెచ్చేసరికి ఆవిడ లేచి నిలబడి ఉన్నారు. సగం తాగి వెళ్లిపోయారు. ఆవిడ అడిగినదానికి నేను జవాబు చెప్పలేదు.

ఆ జవాబు ఇక్కడ రాస్తాను. దానికి ముందు ఆ తమ్ముడుగారు ఎలాంటి మనిషో రాయాలి.

ఆయనకి నలభై నిండలేదు. పేరు రాయను. హైదరాబాదులో కంప్యూటరు ఉద్యోగం చేస్తుండగా కిడ్నీలు రెండూ పాడయ్యాయి. ఉద్యోగం ఇంట్లోంచి చేసుకునే వీలుందని అక్కగారి దగ్గరికి వచ్చేశారు. అక్కగారు పొద్దున్నే బడికి వెళితే అయిదింటికి గాని రారు. పగటిపూట చూసుకోవడానికి నన్ను పెట్టుకున్నారు. అంతకు ముందు ముప్పై ఏళ్లు ఆత్రేయపురంలో పూతరేకులు తీశాను నేను. బోర్లించిన కుండ కింద మంట, ఆ పొగ నా కళ్లని తినేసింది. ఇక పొయ్యి దగ్గర కూర్చోవద్దని కళ్ల డాక్టరు అంటే ఈ పనికి కుదిరాను.

ఆయనది మిషను దగ్గరికి వెళ్లి చేయించుకునే డయాలసిస్ కాదు. పొట్టకి ఒక సన్నటి గొట్టం ఉండేది. దాని గుండా సంచిలోని మందునీళ్లు లోపలికి ఎక్కించాలి. నాలుగు గంటలు ఉంచాలి. ఒంట్లోని చెడు ఆ నీళ్లలోకి దిగుతుంది. అప్పుడు వాటిని ఖాళీ సంచిలోకి తీసేసి మళ్లీ కొత్తవి ఎక్కించాలి. పగలు పదింటికీ రెండింటికీ నేను చేసేదాన్ని. మిగతావి టీచరుగారు చూసుకునేవారు. ఫ్యాను ఆపి, కిటికీలు మూసి, ముక్కుకి మాస్కు కట్టుకుని, మోచేతులదాకా సబ్బు రుద్దుకోవాలి. నీళ్లు నాలుగు గంటలు దాటి బాగా ఎక్కువసేపు ఉండిపోతే మళ్లీ ఒంట్లోకే ఇంకిపోతాయి, మనిషి ఉబ్బుతాడు. అందుకని టైము తప్పకూడదు.

టైముతో పాటు రంగు. తీసిన నీళ్ల సంచిని పేపరు మీద పెట్టి చూడాలి. కింద ఉన్న అక్షరాలు చదవగలిగితే నీళ్లు శుభ్రంగా ఉన్నట్టు. మసకబారితే లోపల చీము పడుతున్నట్టు, ఇక ఆసుపత్రికి పరుగెత్తాలి.

నేను చేరిన రోజు టీచరుగారు ఇదంతా అప్పజెప్పి వెళ్లారు. ఆయ్ ఆయ్ అని తలూపాను. పదింటికి నీళ్లు తీసి సంచి పేపరు మీద పెట్టాను.

“అక్షరాలు కనిపిస్తున్నాయాండీ?” అని అడిగారు ఆయన.

“కనిపిస్తున్నాయండి.”

“ఏమని ఉంది?”

నేను చాలాసేపు చూశాను. “నల్లగా ఉందండి” అన్నాను.

నవ్వుతారనుకున్నాను. వేలిగోటితో బల్ల మీద టకటకమని రెండుసార్లు కొట్టారు. ఏదైనా తేలని సంగతి ఎదురైతే ఆయన అలా కొట్టేవారు. “ఇది మేం ముందే అడగాల్సిందండి. తప్పు మాదే” అన్నారు. తప్పు ఎక్కడ కనపడినా ఆయన దాన్ని తన వైపు లాక్కునేవారు. నేను ఆ రెండేళ్లలో ఎన్ని కప్పులు పగలగొట్టానో, అన్నీ ఆయన అడ్డంగా కూర్చోబట్టే పగిలాయి.

మర్నాటి నుంచి సంచి బరువు తూచడం అయ్యాక ఒక అక్షరం. పలకా బలపం లేవు. సంచి కింద పేపరే నా బడి. “నీళ్లలోంచి చదివినవాళ్లు గాలిలోంచి ఏం చదవలేరండీ!” అనేవారు. యాభై నాలుగేళ్ల వయసులో మొట్టమొదట నేను సొంతంగా చదివిన మాట ‘లంక’. గోదావరి పెరిగి లంకల్లోకి నీళ్లు వచ్చిన రోజుల్లో పేపరు నిండా ఆ మాటే. అది చదవగానే ఆయన కుర్చీలోంచి లేచి, గొట్టం కదలకుండా పొట్ట పట్టుకుని, నాకు దణ్ణం పెట్టారు. ఒత్తులు మాత్రం నాకు ఎప్పుడూ కష్టమే. అక్షరం కింద అక్షరం వచ్చేసరికి తడబడేదాన్ని.

ఆయనది పైన కాలరు చొక్కా, కింద లుంగీ. కంప్యూటరులో అవతలివాళ్లకి పైభాగమే కనపడుతుందట. వాళ్లతో మాట్లాడేటప్పుడు గొంతు మారిపోయేది. ఇంగ్లీషు గబగబా వచ్చేది. మాట్లాడడం అయ్యాక చొక్కా పైబొత్తాం విప్పుకుని మళ్లీ మన మనిషైపోయేవారు.

ఆ గదిలో గడియారం లేదు. చేతికీ లేదు. పనిలో పడితే ఆయనకి తిండి సంగతి కూడా తెలిసేది కాదు. కాని ఎవరు కనపడినా అడిగే మాట ఒక్కటే: ఎంతసేపు? కూరలమ్మి వస్తే ఆలమూరు నుంచి ఎంతసేపు పట్టింది, గ్యాసు బండ తెచ్చినతన్ని ఇంటికి ఎంతసేపు పడుతుంది. పెరట్లో కొబ్బరికాయలు దించడానికి వచ్చినతన్ని ఒకసారి కిటికీలోంచి పలకరించారు.

“ఒక్కో చెట్టుకి ఎంతసేపు పడుతుందండీ?”

“ఎక్కడానికాండీ, దిగడానికాండీ?”

“రెండూ చెప్పండి.”

“ఎక్కడం చెట్టుని బట్టండి బాబూ. దిగడమే, రెండు రకాలండి. మెల్లిగా ఒకటి, గభాల్న ఒకటి. మా అన్న రెండోది దిగేడండి.”

ఆయన పొట్ట పట్టుకుని నవ్వి, ఆ నవ్వు మధ్యలోనే ఆగిపోయారు. “ఎన్నాళ్లైందండీ?” అన్నారు. “నాలుగేళ్లండి” అని అతను తాడు బిగించుకుని ఎక్కిపోయాడు. ఆ సాయంత్రం దాకా బల్ల మీద గోటి చప్పుడు వినపడుతూనే ఉంది.

నన్నూ అడిగారు, రేకు ఎంతసేపు కాలాలని. పిండిలో ముంచిన గుడ్డ కాలిన కుండ మీద లాగి, ఊపిరి బిగబట్టి వదిలేలోపు రేకు లేచిపోవాలి అన్నాను. అప్పటి నుంచి అది ఆయన కొలత అయిపోయింది. “పది రేకులు ఆగండి పిన్నిగారూ, వస్తున్నాను.” “ఈ ఇంజెక్షను మూడు రేకులు నొప్పి, అంతే.” మంచినీళ్లు రోజుకి ఇంతేనని చిన్న స్టీలుగ్లాసుతో కొలిచి పోసేదాన్ని. గుక్క నోట్లో పోసుకుని మింగకుండా కళ్లు మూసుకుని ఉంచుకునేవారు. అలా ఉండగా నేను “ఎంతసేపండీ?” అంటే వేళ్లు చూపించేవారు, ఎన్ని రేకులో.

ఆయన చేసే పని ఏమిటో నాకు తెలియడానికి ఏడాది పట్టింది. ఎక్కడెక్కడి ఆఫీసులవాళ్లో రోజూ చెయ్యాల్సిన పనులు కంప్యూటరులో రాసి పెట్టుకుంటారట. ఏ పనికి ఎంతసేపు పడుతుందో ముందే వేసుకుంటారు. మొదలుపెట్టగానే బొత్తాం నొక్కితే ఎంతసేపు అయ్యిందో అది చూపిస్తుంది. ఆ చూపించడం తప్పుగా వస్తోందని గోల. దాన్ని బాగుచెయ్యడం ఆయనకి అప్పగించారు.

“సేపు చెప్పడం అంత కష్టమాండీ?” అన్నాను.

కాగితం మీద 1.5 అని వేసి చూపించారు. “ఇది చదవండి.”

“గంటా అయిదు నిమిషాలండి.”

“గంటన్నరండి అది. గంటా, ఇంకో గంటలో సగం. కాని మీరొక్కరే కాదు, పెద్ద పెద్ద ఆఫీసర్లు మీలాగే చదివేరు. చదివి, మాకు టైము దొంగలెక్క చూపిస్తోందని తిట్టేరు.”

దాన్ని మార్చారు. చుక్కలు తీసేసి గంటలు, నిమిషాలు అని మాటల్లో వచ్చేటట్టు చేశారు. అదే పద్ధతి తన పాత ఫోనులో పెట్టి, అక్షరాలు పెద్దవి చేసి, సంచుల టైము చూడడానికి నాకిచ్చారు. నీళ్లు ఎక్కించగానే ‘మొదలు’ నొక్కాలి. నాలుగు గంటలకి అది మోగుతుంది. ‘తీశాం’ నొక్కి, బరువూ రంగూ ఎక్కించాలి. మధ్యలో ఏదైనా అయితే ‘ఆపు’. అవతలివాళ్లతో మాట్లాడుతూ నన్ను చూపించి టెస్టర్ అన్నారొకసారి. కరెంటు పనివాళ్ల జేబులో ఉండే టెస్టరు తప్ప నాకు తెలియదు. “నన్నెందుకండీ ప్లగ్గులో పెడతారు?” అంటే, వాళ్లకి కూడా ఇంగ్లీషులో చెప్పి నవ్వించారు.

ఆ గడియారానికి ఇంకో జబ్బు ఉండేది. కంప్యూటరు నిద్రపోతే అదీ నిద్రపోయేది. మూడు గంటల పని చేసినవాళ్లకి నలభై నిమిషాలే చూపించేది. ఎందుకని అడిగాను.

“ఒకటి, రెండు, మూడు అని ఒక్కో సెకనూ లెక్కపెట్టుకుంటూ పోతోందండి. నిద్రపోయినవాడు లెక్కపెట్టలేడు కదా.”

“మేం రేకులు అలా లెక్కపెట్టమండి. పొద్దున్న పిండి ఎంతుందో చూసుకుంటాం. సాయంత్రం ఎంతుందో చూసుకుంటాం. మధ్యలో ఎవరు లెక్కపెడతారండీ?”

గోటి చప్పుడు ఆగింది. “అదేనండి చెయ్యాల్సింది. మొదలెప్పుడో ఒక్కటి రాసి పెట్టుకుంటే చాలు. ఎప్పుడు లేచి చూసుకున్నా, ఇప్పటిలోంచి ఆ మొదలు తీసేస్తే సేపు తేలుతుంది. మధ్యలో నిద్రపోనీ, చచ్చిపోనీ.” ఆయనకి అది ముందే తెలుసనీ, నా సంతోషానికి అలా అన్నారనీ ఇప్పుడు అనిపిస్తుంది. అలా మార్చాక ఫోనుని ఆర్పేసి సొరుగులో పడేశారు. రెండు రోజుల తర్వాత చార్జింగు పెట్టి చూపించారు. ఏమీ మర్చిపోలేదు అది. రెండు రోజుల సేపూ నిమిషాలతో సహా చెప్పింది.

ఆ తర్వాతే నేను చేసిన మొదటి తప్పు.

వాళ్లింటికి మూడిళ్ల అవతల కిరాణాకొట్టు తాతగారు పోయారు. నేను పదింటికి నీళ్లు ఎక్కించి ‘మొదలు’ నొక్కాను. అరగంటకి ఏడుపులు వినపడ్డాయి. మా వైపు, వీధిలో శవం ఉండగా ఎవరూ పొయ్యి వెలిగించరు, వాకిలి ఊడవరు, పని ముట్టరు. శవం లేచాకే ఏదైనా. నేను ఎసరు దించేశాను. పొయ్యి ఆర్పాను. తడిబట్టలు బకెట్లోనే వదిలేశాను. బల్ల మీద ఫోను ఒక్కటీ నడుస్తోంది. అంత చావు పెట్టుకుని ఇదొక్కటీ ఇలా పరుగెత్తడం ఏమిటని మనసొప్పలేదు. ‘ఆపు’ నొక్కాను.

కొడుకు రాజమండ్రి నుంచి రావాలి. శవం లేచేసరికి ఒంటిగంటన్నర. వాకిట్లో నీళ్లు చల్లి, కాళ్లు కడుక్కుని వచ్చి మళ్లీ నడిపించాను. అది అయిదింటికి మోగింది. ఆయన చెవులకి మాటలు వినే డిప్పలు పెట్టుకుని పొద్దుటి నుంచి పనిలో ఉన్నారు, నా మీద నమ్మకంతో. టీచరుగారు లోపలికి వస్తూనే ఆయన మొహం చూసి బడి సంచి కింద పెట్టేశారు.

“ఏంట్రా ఆ వాపు? నీళ్లు ఎప్పుడు ఎక్కించేరండీ?”

“పదింటికండి.”

“ఇప్పుడు అయిదు!”

“మధ్యలో ఆపేనండి. వీధిలో శవం ఉంది కదండీ.”

“ఆపేరా? ఏం ఆపేరు? వాడి కడుపులో నీళ్లు మీరాపితే ఆగుతాయా? కొట్టు తాతగారికి సంతాపం చెప్తాయా అవి?”

ఆయన ఆయాసపడుతూనే చెయ్యెత్తారు. “ఉండక్కా. ఆపు అని బొత్తాం పెట్టిందెవరు? నేను. ఆపకూడని దానికి ఆపే బొత్తాం పెట్టేను. కనపడితే నొక్కుతారు. వాడేవాళ్ల తప్పు ఉండదు, చేసినవాడిదే.”

ఆ రాత్రి ఆయనకి కాళ్లలోకి నీరు దిగిందనీ, పడుకోలేక కూర్చునే ఉన్నారనీ మర్నాడు తెలిసింది. నేను వెళ్లేసరికి ఫోనులో ‘ఆపు’ లేదు. ‘మొదలు’, ‘తీశాం’ అంతే.

“కొన్ని సేపులు ఆగుతాయండి, కొన్ని ఆగవు. రెండింటికీ ఒకే గడియారం పెట్టడమే మా తప్పు” అన్నారు. అదే సంగతి కంపెనీవాళ్లతో రెండు నెలలు వాదించారు. కొట్టు తాతగారి చావు వాళ్లందరికీ చెప్పారట. చివరికి ఒకాయన సరే మార్చమన్నాడట.

“మళ్లీ వీధిలో ఎవరైనా పోతే ఏం చెయ్యాలండీ?” అని అడిగాను.

“పొయ్యి ఆపండి. దీన్ని నడవనివ్వండి. నేనే పోయినా సరే.”

“అలాంటి మాటలు అనకండి బాబూ.”

“అన్నాను గాని పోలేదు కదండీ. ఒక రేకు అయ్యింది, చూడండి, ఇక్కడే ఉన్నాను.”

ఇక ఆ రోజు గురించి.

మార్చిన గడియారం అందరికీ పంపించే రోజు అది. పొద్దున్నే కాలరు చొక్కా వేసుకున్నారు. “ఇవాళ ఒక్క రోజు మధ్యలో పలకరించకండి పిన్నిగారూ. ఇది వెళ్లిపోతే ఇక ఖాళీయే” అన్నారు. ఆ ముందు రోజు టీచరుగారితో అన్న మాట నేను వంటింట్లోంచి విన్నాను. “అక్కా, పిన్నిగారు ఇప్పుడు పేపరు మొత్తం చదివేస్తున్నారు. నువ్వు చూడక్కర్లేదు, ఆవిడ చూస్తే చాలు.” నేను గిన్నె తోముతూ తోముతూ ఆగిపోయాను. నా గురించి ఎవరూ ఎప్పుడూ అలా అనలేదు.

టీచరుగారు తొందరలో ఉంటే ఆరింటి సంచి బాత్రూములో వదిలేసి వెళ్లేవారు. పారబొయ్యడం నా పని. ఆ రోజూ నేనే పారబోశాను. పారబోసే ముందు అలవాటుగా పేపరు మీద పెట్టాను. కొబ్బరి అని ఉంది. ఒత్తు ఉన్న మాట, అయినా చదివాను. రేవు అని ఉంది. చదివాను. నీళ్లు తేటగా ఉన్నాయి. టీచరుగారూ, మీ కళ్లు మోసం చెయ్యలేదు. మీరు చూసింది నిజమే.

పదింటికి ఆయన మాట్లాడుతూనే ఉన్నారు. నేను నీళ్లు తీశాను, కొత్తవి ఎక్కించాను, ‘మొదలు’ నొక్కాను. పది గంటల అయిదు నిమిషాలు. తీసిన సంచి వంటింట్లోకి తెచ్చి పేపరు మీద పెట్టాను. అక్షరాలు కుదురుగా లేవు. బియ్యం కడిగిన నీళ్ల చివరి చాయ. కింద ఉన్న పేజీ చూస్తే అన్నీ ఒత్తులే. నాకు రాకేమో అనుకున్నాను. కళ్లజోడు తుడిచి చూశాను. వేరే పేజీ వేసి చూశాను. కొన్ని మాటలు తెలిశాయి, కొన్ని తెలియలేదు. తెలియనివి నీళ్ల వల్ల తెలియలేదా, నా చదువు వల్ల తెలియలేదా? చిన్నప్పటి నుంచి చదివినవాళ్లకి ఆ అనుమానం రాదు. అక్షరం మసకగా ఉంటే అక్షరమే మసకగా ఉందని వాళ్లకి తెలుస్తుంది. నాకు ముందు నా మీద అనుమానం వస్తుంది.

ఆయన్ని పిలవచ్చు. రెండడుగుల దూరం. ఒక్క రేకు సేపు చూస్తే ఆయనకి తెలిసిపోయేది. పలకరించొద్దన్నారన్నది ఒక సాకు. అసలు సంగతి అది కాదు. నిన్న అంత మాట అన్నారు, ఇవాళ వెళ్లి నాకు చదవడం రావడం లేదండీ అనాలా? అనలేకపోయాను. సంచి తీసుకెళ్లి పారబోశాను. ఫోనులో బరువు ఎక్కించాను. రంగు దగ్గర ఏమీ ఎక్కించలేదు. బాగుందని వెయ్యడానికి చెయ్యి రాలేదు, మబ్బు అని వెయ్యడానికి ధైర్యం రాలేదు. ఖాళీ వదిలేశాను.

పన్నెండు దాటాక ఆయన చొక్కా బొత్తాం విప్పుకున్నారు. పని అయిపోయింది. కంప్యూటరు నిండా ఎవరెవరో చప్పట్లు కొడుతున్న బొమ్మలు పంపారు. “అయిపోయిందండి” అని నవ్వి, పొట్ట మీద చెయ్యి వేసుకున్నారు. “కొంచెం నొప్పిగా ఉంది. కూర్చుని కూర్చునేమో.” అప్పుడైనా చెప్పొచ్చు. చెప్పలేదు. రెండింటి సంచి చూసి తేల్చుకుందాం అనుకున్నాను.

రెండూ పదిహేనుకి ఆ సంచి తీసేసరికి పేపరు అవసరం లేకపోయింది. గంజి. ఆయనకి అప్పటికే వణుకు మొదలైంది. దుప్పటి కప్పి సంచి ఎత్తి చూపించాను.

ఆయన సంచి చూశారు, నన్ను చూశారు.

“ఎంతసేపయ్యింది పిన్నిగారూ, మొదట చూసి?”

“ఇప్పుడేనండి” అన్నాను.

ఫోను ఇమ్మని చెయ్యి చాపారు. ఇచ్చాను. కాసేపు చూశారు. ఖాళీలు వదలొద్దని ఆయన నాకు వందసార్లు చెప్పి ఉంటారు. పది గంటల అయిదు నిమిషాల దగ్గర ఖాళీ ఆయనకి కనపడే ఉంటుంది. ఫోను తిరిగి నా చేతిలో పెట్టి, “ఆయ్” అన్నారు.

ఆ ఒక్క మాటే. చాలా మర్యాదగా అన్నారు. ఇంటికి వచ్చిన చుట్టం ఏదో చెబితే అన్నట్టు.

టీచరుగారికి ఫోను చేశాను. ఆవిడ కారు మాట్లాడుకుని వచ్చారు. సంచి కూడా పట్టుకుని ఆయన్ని రాజమండ్రి తీసుకెళ్లారు. కారు ఎక్కేటప్పుడు ఆయనకి నిలబడే ఓపిక లేదు. ఆ కంగారులో నేను ‘తీశాం’ నొక్కడం మర్చిపోయి ఫోను సొరుగులో పడేశాను.

తొమ్మిదో రోజున తీసుకొచ్చారు. ఆ రోజు ఆ వీధిలో ఎవరూ పొయ్యి వెలిగించలేదు. కిరాణాకొట్టు తలుపులు దించేశారు. నేను అరుగు కింద ఒక పక్కన కూర్చున్నాను. జనం అందరూ ఒకటే మాట: రాత తప్పించలేం. టీచరుగారు మాత్రం తన చేతులకేసి చూసుకుంటూ కూర్చున్నారు. ఎందుకలా చూసుకుంటున్నారో నాకు పోయిన ఆదివారం తెలిసింది.

ఆవిడ వెళ్లాక ఫోను చార్జింగు పెట్టాను. గంట తర్వాత వెలిగింది. పది నెలలు సొరుగులో చచ్చిపడి ఉన్నా అది మొదలు మర్చిపోలేదు. పైన పెద్ద అక్షరాల్లో: ఏడు వేల రెండువందల పన్నెండు గంటల ఇరవై ఆరు నిమిషాలు. నేను చదువుతుండగానే ఇరవై ఏడు అయ్యింది. ఆపుదామంటే బొత్తాం లేదు.

కింద ఆ రోజు వరసలు ఉన్నాయి. ఆరింటిది: రంగు, బాగుంది. టీచరుగారు ఎక్కించింది. దాని కింద పదింటిది: బరువు నేను వేసింది. రంగు దగ్గర ఖాళీ. ఆయన చేతిలో ఫోను అంతసేపు ఉంది. దాన్ని నింపడం ఆయనకి ఒక రేకు పని. నింపలేదు. నా తప్పులన్నీ తన మీద వేసుకున్న మనిషి ఆ ఒక్కదాన్నీ నాకు వదిలిపెట్టారు.

ఇవాళ దాన్ని నింపాను. మబ్బు అని వేశాను. ఒత్తు సరిగ్గానే వచ్చింది.

ఈ కాగితాలు రేపు కొత్తపేట తీసుకెళ్లి టీచరుగారి చేతికి ఇస్తాను. ఆవిడ చదివేదాకా అక్కడే నిలబడతాను. చదవడం అయ్యాక ‘తీశాం’ నొక్కుతాను. అందాకా అది నడుస్తుంది.

బాబూ, ఎంతసేపయ్యింది అని అడిగారు. నాలుగు గంటల పది నిమిషాలు అయ్యిందండి.